సమస్యాపూరణం: "తల దీసినవాఁడె మరలఁ దా నుసురొసఁగెన్"

నిర్వాహకుడు (జయనగర, బెంగళూరు):

ఈ వారం సమస్య కందపద్యానికి నాలుగో పాదం; మిగిలిన మూడూ మీరు పూరించాలి. తల తీసినవాడే మళ్ళీ ప్రాణం పోశాడనగానే మనలో సగంమందికి వినాయకుడూ మిగిలిన సగానికి రేణుకా గుర్తుకు వస్తారని తెలుసు కనుక ఈసారి పురాణాలకు సెలవు ఇస్తున్నాను. ఇక్కడ తల అంటే ఇంజను బ్లాకును పైనుంచి మూసే సిలిండర్ హెడ్. మా ఇంటి పోర్టికోలో ఇరవై ఏళ్ళు దాటిన డీజిల్ కారు రెండు వారాలుగా తల లేకుండా నిలబడి ఉంది. హెడ్‌కూ బ్లాకుకూ మధ్య సందు మూసే పొర, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయిందని తెలిశాక, పని నేర్చుకుందామన్న మొండితనంతో నేనే విప్పాను. విప్పిన బోల్టులన్నిటినీ పాత అట్టపెట్టె మూతకు కన్నాలు చేసి, ఇంజను మీద ఏది ఎక్కడ ఉండేదో ఆ వరుసలోనే గుచ్చి పెట్టుకున్నాను. ఆ అట్ట వైపు చూస్తుండగానే ఈ పాదం తట్టింది.

ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరం) లకారం, పాదాది అక్షరం లఘువు. యతి (పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరవలసిన అక్షరం) త–దా. పద్యం గణాలకు ఎంత నిలబడాలో పానాల పెట్టె ముందు కూడా అంతే నిలబడాలన్నది ఈ వారపు షరతు.

మడివాళ సభ్యుడు:

వెలి బోల్టులు ముందు విప్పి
బలముఁ గొలిచి నడిమినుండి బాగుగ బిగియన్
నలుమాఱులు త్రిప్పి పిదపఁ
దల దీసినవాఁడె మరలఁ దా నుసురొసఁగెన్.

విప్పేటప్పుడు అంచుల నుండి లోపలికి, బిగించేటప్పుడు నడుమ నుండి బయటికి అన్న సూత్రాన్ని రెండు పాదాలలో ఇమిడ్చాను. తప్పులుంటే చెప్పండి.

నిర్వాహకుడు:

సూత్రం సరిగ్గా పట్టారు. కాని మొదటి పాదంలో మూడో గణం చూడండి: "దు విప్పి" అంటే లఘువు, గురువు, లఘువు, జగణం. కందంలో బేసి స్థానంలో జగణం నిషిద్ధం కదా.

జాలహళ్ళి పెద్దాయన:

గణం మాట అటుంచండి, నాకు "విప్పి" అన్న మాటతోనే పేచీ ఉంది. నేను హెచ్.ఎం.టి. కర్మాగారంలో యంత్రాల మధ్య బతికి రిటైరైనవాణ్ణి. హెడ్ బోల్టును ఒక్కసారిగా పూర్తిగా విప్పేస్తే మిగిలిన బోల్టుల బిగువు ఒకే పక్కకు లాగి, అల్యూమినియం హెడ్ వంకరపోయే ప్రమాదం ఉంది. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, అన్నిటినీ అంచుల నుండి మొదలుపెట్టి తలా కొంచెం, మళ్ళీ తలా కొంచెం వదులు చేస్తూ రావాలి. కనుక "వెలి బోల్టుల బిగువు సడల" అంటే పని కుదురుతుంది, గణమూ కుదురుతుంది.

రెండో పాదంలో "బాగుగ" నాకు బొత్తిగా నచ్చలేదు. యతి కోసం వచ్చిన మాట అది. పైగా "బాగా బిగించాను సార్" అన్న మాట విన్న రోజునే నేను విరిగిన బోల్టులను డ్రిల్లు పెట్టి తీయవలసి వచ్చేది. మీరే "బలముఁ గొలిచి" అన్నారు, అంటే బిగింపు బలాన్ని (టార్క్‌ను) కొలిచే పానా, టార్క్ రెంచ్, వాడారన్నమాట. కొలిచాక ఇక బాగుగ ఏమిటి? "నడిమినుండి వలయముగాఁగన్" అనండి. బిగింపు వరుస నిజంగానే నడుమ నుండి చుట్టలు తిరుగుతూ అంచులకు పోతుంది.

మడివాళ సభ్యుడు:

బ–వలకు యతి చెల్లుతుందా అండీ?

నిర్వాహకుడు:

వ–బలకు అభేదం పెద్దలు ఒప్పుకున్నదే. నిరభ్యంతరంగా వాడుకోండి. "నలుమాఱులు" మాత్రం మీ కారు మాన్యువల్‌ను బట్టి ఉంటుంది. కొన్నిటికి రెండు మూడు విడతల టార్క్ చెప్పి, ఆపైన 90 డిగ్రీల చొప్పున కోణం తిప్పమంటారు. అలా కోణంతో బిగించే బోల్టులు సాధారణంగా సాగే రకానివి కనుక పాతవి మళ్ళీ వాడకూడదు. నేను జె.సి. రోడ్డులో గ్యాస్కెట్‌తో పాటు బోల్టుల సెట్టు కూడా కొన్నాను. ఇంకొక మాట: బోల్టు దిగే రంధ్రంలో నూనెగాని నీళ్ళుగాని మిగిలి ఉంటే, దిగుతున్న బోల్టుకు ఆ ద్రవం పోయే దారి లేక బ్లాకునే పగలగొట్టగలదు. నేను పాత బనియను గుడ్డను సన్నగా చుట్టి ఒక్కొక్క రంధ్రంలోకి దించి తీశాను. నాలుగో రంధ్రంలో నుండి చెంచాడు కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) వచ్చింది.

కోరమంగల యువకుడు:

చలి యుదయంబున మెఱుపును
మలినపు ప్లగ్గునకు నిచ్చి మంటను రేపన్
గలవరపడు బండి కపుడు
తల దీసినవాఁడె మరలఁ దా నుసురొసఁగెన్.

నాకు కారు తోలడమే తెలుసు, లోపలి సంగతి అంతగా తెలియదు. ఛందస్సు మాత్రం మూడుసార్లు చూసుకున్నాను.

జాలహళ్ళి పెద్దాయన:

ఛందస్సుకు నూటికి నూరు వేయవచ్చు నాయనా. కాని డీజిల్ ఇంజనులో మెరుపు లేదు, మెరుపు ప్లగ్గూ లేదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజను మర్మమే అది: గాలిని ఎంత గట్టిగా నొక్కితే అంత వేడెక్కుతుంది, ఆ వేడిలోకి చమురు చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. ఈ పాత కార్ల ఇంజనులలో గాలిని ఇంచుమించు 22వ వంతుకు నొక్కుతారు, అప్పుడు దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది. నువ్వు ప్లగ్గు అని విన్నది బహుశా హీటర్ ప్లగ్గు అయి ఉంటుంది. అది చలి ఉదయాన ఇంజను పట్టుకోవడానికి చాంబరును కాసేపు వేడి చేసి పెట్టేదే తప్ప మెరుపు పుట్టించదు.

గ్యాస్కెట్ పోతే ఉదయాన బండి ఎందుకు కలవరపడుతుందో ఇప్పుడు ఆలోచించు. నొక్కిన గాలి సందులోంచి జారిపోతే వేడి చాలదు, చమురు అంటుకోదు.

కోరమంగల యువకుడు:

అర్థమైంది తాతగారూ. ఇలా మార్చాను.

చలి యుదయంబున గాలిని
నలిపిన వేఁడిమికె చమురు నంటుకొనంగా
వలసిన మన బండి కపుడు
తల దీసినవాఁడె మరలఁ దా నుసురొసఁగెన్.

నిర్వాహకుడు:

ఒక్క రాత్రిలో ఇంత మార్పు ఈ శీర్షికలో అరుదుగా చూశాను. "చమురు అంటుకొనంగా" అన్నచోట ఉత్వసంధి జరిగి "చము రంటుకొనంగా" అనే కావాలని ఎవరైనా పట్టుకుంటారు. "చమురును" అనే అర్థంలో ద్రుతం (చివరి నకారం) ఉందని సమర్థించుకోవచ్చు గాని, అది సమర్థనగానే ఉంటుంది. "నలిపిన" కూడా ఆకుకూ పువ్వుకూ చెల్లే మాట, గాలికి కాదు. ప్రాస తెచ్చిన ఇబ్బంది అని ఒప్పుకుని ముందుకు పోదాం.

బాణసవాడి సభ్యురాలు:

వెలుఁగొక సందున మెఱసెను
తలపై బద్ద నిలుప నొక దారపు టంచై;
యలఁతిగఁ జెక్కించి కడిగి
తల దీసినవాఁడె మరలఁ దా నుసురొసఁగెన్.

మా నాన్నగారు ఇంట్లో కారు విప్పినప్పుడు బల్లమీద హెడ్‌ను బోర్లా తిప్పి, దాని ముఖం మీద ఇనుప బద్దను నిలువుగా ఆనించి, అవతల టార్చిలైటు పట్టుకోమని నన్ను నిలబెట్టేవారు. బద్ద కింద నుండి సన్నగా వెలుగు కనబడితే ఆ మధ్యాహ్నం భోజనం ఆలస్యమయ్యేది.

జాలహళ్ళి పెద్దాయన:

అమ్మా, ఈ పద్యాన్ని నేను కాగితం మీద రాసి పెట్టుకున్నాను. పొడుగునా అడ్డంగానే కాక మూలనుంచి మూలకు కూడా బద్ద ఆనించి, సందులోకి ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నని రేకు) దూర్చి చూస్తారు. చాలా ఇంజనులకు 0.05 నుండి 0.1 మిల్లీమీటరు లోపే సహిస్తారు. అంటే మీ "దారపు టంచు" అప్పటికే ఎక్కువన్నమాట, "చెక్కించి" అనడం సబబే. లేత్ పనివాళ్ళు దీనిని ఫేసింగ్ అంటారు. "అలఁతిగ" అన్న మాట ఎంత అవసరమో చెప్పాలి: ఈ పాత డీజిల్ హెడ్లలో దహనం మొదలయ్యే చిన్న అరలు ముఖం మీదే పొదిగి ఉంటాయి, అందువల్ల కొందరు తయారీదారులు ఫేసింగ్ అసలే వద్దంటారు. మాన్యువల్ ఒప్పుకుంటేనే చేయించాలి.

"కడిగి" దగ్గర మీ అనుభవం కనిపించింది. చెక్కిన రజను ఒక్క రేణువు నూనె దారిలో మిగిలినా అది బేరింగు దాకా పోతుంది.

కోరమంగల యువకుడు:

హెడ్ చెక్కితే పిస్టన్‌కూ దానికీ మధ్య ఖాళీ తగ్గదా? గ్యాస్కెట్ మందంగా వేసుకోవాలా?

నిర్వాహకుడు:

మంచి ప్రశ్న. చాలా డీజిల్ ఇంజనులకు గ్యాస్కెట్లు రెండు మూడు మందాలలో దొరుకుతాయి. ఏది ఎంత మందమో అంచున కోసిన గాట్లనుబట్టో రంధ్రాలనుబట్టో చెబుతారు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాకు ముఖం కంటే ఎంత ఎత్తు లేస్తుందో డయల్ గేజితో కొలిచి ఆ లెక్కన ఎంచుకోవాలి. పాతదానికి రెండు గాట్లున్నాయి కనుక కొత్తదానికీ రెండు గాట్లే తెచ్చాను. హెడ్ చెక్కించినవారు కొట్టువాడి మాట మీద కాక మాన్యువల్ చూసి తేల్చుకోవాలి.

ఇక నా సొంత పూరణ.

జల మింజను నూనెఁ గలసి
తెలి మీగడ యయ్యె మూఁత దిగువను జూడన్;
పలుచని గ్యాస్కెటు మార్చఁగఁ
దల దీసినవాఁడె మరలఁ దా నుసురొసఁగెన్.

మడివాళ సభ్యుడు:

మూడో పాదంలో "గ్యా" సంయుక్తాక్షరం కదా, దానికి ముందున్న "ని" గురువు కాదా? అయితే గణం చెడుతుంది.

నిర్వాహకుడు:

సంస్కృత సమాసంలో అయితే అవుతుంది. "పలుచని గ్యాస్కెటు" రెండు వేరు పదాలు, పైగా రెండోది సముద్రం దాటి వచ్చింది. లఘువే.

బాణసవాడి సభ్యురాలు:

నా సందేహం ఛందస్సు మీద కాదండీ. బెంగళూరులో శీతాకాలం ఉదయాన అంగడి దాకా వెళ్ళి వచ్చే కార్లలో నూనె పోసే మూత కింద తెల్లని మీగడ ఊరికే చేరుతుంది. ఇంజను సరిగ్గా వేడెక్కకపోతే లోపలి ఆవిరి చల్లబడి నూనెతో కలుస్తుంది, అంతే. ఆ ఒక్క గుర్తు చూసి తల తీసేస్తే నిష్కారణంగా రెండు వారాలు పోతాయి. నూనె కొలిచే పుల్ల మీద కూడా మీగడ ఉందా? కూలెంట్ తొట్టిలో బుడగలు వచ్చాయా?

నిర్వాహకుడు:

పుల్ల మీద కూడా ఉంది. ఇంజను నడుస్తుండగా తొట్టి మూత తీసి ఉంచితే ఇడ్లీపాత్రలో నీళ్ళలా ఆగకుండా బుడగలు వచ్చాయి. మూత చల్లని ఇంజను మీదనే తీశానని కూడా చెప్పాలి. మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, నీళ్ళు ఇంచుమించు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూత బిగించి ఉండగా పీడనం వల్ల అవి 110 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, కాబట్టి వేడి మీద తెరిస్తే ఒక్కసారిగా ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ఇవన్నీ చూశాను గాని పద్యంలో చెప్పినది మాత్రం మూత కింది మీగడ ఒక్కటే. అది సాక్ష్యానికి చాలదు. దిద్దుకుంటున్నాను.

జల మింజను నూనెఁ గలసి
తెలి మీగడ యయ్యెఁ దొట్టిఁ దెరలెను బుడగల్;
పలుచని గ్యాస్కెటు మార్చఁగఁ
దల దీసినవాఁడె మరలఁ దా నుసురొసఁగెన్.

జాలహళ్ళి పెద్దాయన:

ఇప్పుడు సరిపోయింది. ఉసురు ఇచ్చానని రాశారు గాని బండి ఇంకా తల లేకుండానే ఉందని మొదట్లో మీరే చెప్పారు. తల బిగించాక, తాళం తిప్పే ముందు టైమింగ్ గుర్తులు (వాల్వుల కదలిక పిస్టన్లతో జత కుదిరిందని చూపేవి) కలిశాయో లేదో చూసుకుని, క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇరుసును) పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. మధ్యలో గట్టిగా తగిలితే అక్కడే ఆపండి, వాల్వు పిస్టన్‌కు తగులుతున్నదన్నమాట.

నిర్వాహకుడు:

రేపు ఉదయం తిప్పుతాను. రెండు చుట్లూ సాఫీగా తిరిగితేనే ఈ పాదాన్ని నా పేరుమీద ఉంచండి.