‘తప్పు కట్టాడు’ అంటే?

నష్టపోయినవాళ్ళకు తీర్పించి, తప్పు చేసినవాణ్ణి మళ్ళీ కలుపుకునే న్యాయానికి (ఇంగ్లీషులో restorative justice) తెలుగు మాట వెతుకుతున్నాను. మా అమ్మమ్మది నల్లగొండ వైపు. “ఆని మేకలు చేన్ల వడ్డయ్, పెద్దమనుషులు తప్పేసిన్రు, కట్టిండు” అనేది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నాకు తప్పు చెయ్యడం తెలుసుగానీ కట్టడం తెలీదు. చేసిందీ తప్పే, దానికి చెల్లించేదీ తప్పే! ‘దండన’ అన్న మాటలో ఉన్నది దండం, అంటే కర్ర. ‘జుర్మానా’ (జరిమానా) కోర్టు కచేరీ మాట. ఈ తప్పులో మాత్రం చేను నష్టపోయిన మనిషి కనిపిస్తాడు. తీర్చేస్తే తప్పు చేసినవాడు మళ్ళీ ఊళ్ళోవాడే.

మొన్న చంచల్‌గూడలో జైళ్ళ శాఖ బంకులో పెట్రోల్ పోయించుకున్నాను. అక్కడ పనిచేసే ఖైదీ చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. అమ్మమ్మ మాట మళ్ళీ గుర్తొచ్చింది.

— ‘శిక్ష’ కూడా చూడండి. శక్ ధాతువు నుంచి వచ్చింది, చేయగలగాలన్న కోరిక. వేదాంగాల్లో శిక్ష అంటే ఉచ్చారణ శాస్త్రం. మనం నేర్పేదాన్ని శిక్షణ చేసి, శిక్షను జైలుకి పంపాం. ‘తగిన శాస్తి’ అన్న మాటకైతే నాకు భయం. 2019 డిసెంబరు 6న ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపిన చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ తర్వాత పోలీసుల మీద పూలు చల్లారు, నేనూ ఆ మాటే అన్నాను. 2022లో దాని మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక వచ్చింది, చంపాలనే కాల్చారని. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి అంతకాలం పట్టింది నాకు.

— అన్నా, తప్పును మరీ నెత్తిన పెట్టుకోకండి. మా ఊళ్ళో తప్పు డబ్బు పెద్దమనుషుల కల్లుకే పోయేది. చెరచబడ్డ పిల్లకు ‘రాజీ’ చేసి పంపేవాళ్ళు. అత్యాచారం కేసుల్లో రాజీ కుదరదని సుప్రీంకోర్టు 2015లో గట్టిగా చెప్పాల్సొచ్చింది.

— నిజమే అక్కా. డబ్బు ఎవరి చేతికి వెళ్ళిందన్నదే అసలు ప్రశ్న, నా పోస్టులో నేను దాన్ని వదిలేశాను. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో చూడండి: 5,000 రూపాయల లోపు దొంగతనం, మొదటిసారి నేరం రుజువై, సొత్తుగానీ దాని విలువగానీ తిరిగిస్తే శిక్ష సమాజసేవ. అక్కడ సొత్తు సొంతదారుకే చేరుతుంది.

ఇలాంటి న్యాయాన్ని ‘పునరుద్ధరణ న్యాయం’ అని రాయబోతే నా చెయ్యి ఆగిపోతుంది, గుడి గోపురానికి సున్నం వేసినట్టుంటుంది. ‘దిద్దుబాటు న్యాయం’ అందామా? పలక మీద పిల్లలు అదే అక్షరం మీద మళ్ళీ మళ్ళీ బలపం తిప్పుతారే, ఆ దిద్దడం. మీ వైపు ఇంకేమైనా మాట ఉందా?