కొత్త టైర్లు వేయించాక 80 దాటితే స్టీరింగు వణుకుతోంది, ఒక చక్రంలో గాలి నిలవడం లేదు

బెళ్ళందూరు వాసి:
అందరికీ నమస్కారం. నిన్న ఉదయం తొమ్మిదింటి నుంచి రాత్రి ఎనిమిదింటి వరకు మూడు టైర్ల దుకాణాలు తిరిగి, మూడుసార్లు బాలెన్సింగ్ (చక్రం బరువు అన్ని వైపులా సమం చేయడం) చేయించి, ఏమీ తేలక ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. పది రోజుల క్రితం నాలుగు కొత్త టైర్లు వేయించాను. పేరున్న రకాలకు డబ్బు సరిపోక, ఒక్కొక్కటి 3,900 రూపాయల చొప్పున తక్కువ ధరవి తీసుకున్నాను. అప్పటి నుంచి బండి వేగం 80 కిలోమీటర్లు దాటిందంటే స్టీరింగు వణుకుతోంది, 100 దగ్గర చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. అది చాలదన్నట్టు ముందు ఎడమ చక్రంలో 33 పాయింట్ల (పీఎస్ఐ) గాలి నింపితే నాలుగో రోజుకు 25కు పడిపోతోంది. టైరు మీద సబ్బు నీళ్ళు పోసి పంక్చరు లేదని చూపించారు. శనివారం అమ్మను తీసుకుని కోలారు, ముళబాగిలు మీదుగా చిత్తూరు వెళ్ళాలి. చౌక టైర్లంటే ఇంతేనా? వీటిని తీసేయడం తప్ప వేరే దారి లేదా?

జేసీ రోడ్డు అనుభవజ్ఞుడు:
కారు ఏది? టైరు సైజు ఎంత? చక్రాలు కంపెనీవా, బయట కొన్నవా? ఇవి చెప్పకుండా అడిగితే ఎవరూ చెప్పలేరు.

టైర్ల పరిశీలకుడు:
చౌక టైరు అనగానే చెడ్డ టైరు అని తేల్చేయడం న్యాయం కాదు. మన దేశంలో అమ్మే కారు టైరుకు ఐఎస్ 15633 ప్రమాణం ప్రకారం ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి కాబట్టి, మొదట అది ఉందో లేదో చూడండి. తర్వాత టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు వెతకండి. 3522 అని ఉంటే అది 2022వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. ధర బాగా తగ్గించి అమ్మేవాటిలో కొన్ని రెండు మూడేళ్ళు గోదాములో పడి ఉన్న సరుకు, కొనేవాళ్ళు మాత్రం ధర అడుగుతారు గానీ తేదీ అడగరు. బరువు మోసే అంకెను, వేగపు అక్షరాన్ని కూడా చదవండి. 88 టి అంటే ఒక్కొక్క టైరు 560 కిలోలు మోయగలదని, గంటకు 190 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. కారు పుస్తకంలో ఉన్న అంకెకు తక్కువది ఎంత చౌకగా వచ్చినా తీసుకోకూడదు. కొత్త టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలికైన చోటు, దాన్ని వాల్వు దగ్గరకు తెచ్చి ఎక్కిస్తే అతికించాల్సిన సీసం తగ్గుతుంది. మీ దుకాణదారు ఆ చుక్కను పట్టించుకున్నాడా? మీ టైర్ల మీద నాలుగు అంకెలు ఏమిటో దయచేసి తెలపండి.

హోసూరు రోడ్డు ప్రయాణికుడు:
గాలి తగ్గడానికి మందు నైట్రోజన్. నేను ఐదేళ్ళుగా అదే నింపిస్తున్నాను, నెలకు ఒక పాయింటు కూడా తగ్గదు.

టైర్ల పరిశీలకుడు:
మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నాలుగు రోజుల్లో ఎనిమిది పాయింట్లు పోతున్నాయంటే అది ఎక్కడో ఉన్న సందులోంచి పోతోంది. ఆ సందులోంచి నైట్రోజన్ కూడా అలాగే పోతుంది.

హోసూరు రోడ్డు ప్రయాణికుడు:
నేను నా అనుభవం చెప్పాను. వేసవిలో కృష్ణగిరి దాటాక టైరు వేడెక్కి గాలి పెరిగే తీరులో కూడా నాకు తేడా కనిపించింది.

బెళ్ళందూరు వాసి:
క్షమించాలి, కారు స్విఫ్ట్ వీఎక్స్ఐ, 2018. టైర్లు 185/65 ఆర్ 15, 88 టి. తేదీ 0824, అంటే పాతవేమీ కావు. చక్రాలు మామూలు అలాయ్‌లే (అల్యూమినియంవి), కారుతోపాటే వచ్చాయి.

జేసీ రోడ్డు అనుభవజ్ఞుడు:
వీఎక్స్ఐకి కంపెనీ ఇచ్చింది 165/80 ఆర్ 14, ఇనుప చక్రాలు. అలాయ్‌లు దానితో రాలేదు. మీరు కారు పాతది కొన్నారా?

బెళ్ళందూరు వాసి:
అవును, రెండేళ్ళ క్రితం కొన్నాను. అప్పటికే ఇవి బిగించి ఉన్నాయి. రెండేళ్ళలో ఒక్కనాడూ వణకలేదు కాబట్టి చక్రాల సంగతి చెప్పనవసరం లేదనుకున్నాను.

లెక్కల మాస్టారు:
సైజు వల్ల కాదని మొదట తేల్చుకుందాం. 165/80 ఆర్ 14 మొత్తం ఎత్తు 619.6 మిల్లీమీటర్లు, 185/65 ఆర్ 15 ఎత్తు 621.5. రెండు మిల్లీమీటర్ల తేడాకు వేగం చూపే ముల్లు కూడా తప్పు చూపదు. పైగా పై రకం స్విఫ్ట్‌లకు కంపెనీ ఇచ్చిన సైజు ఇదే. అయితే అలాయ్ వెడల్పు చూడాలి. 185/65కు 5 నుంచి 6.5 అంగుళాల వెడల్పు వరకు అనుమతి ఉంది. చక్రం లోపలి వైపు ఆ అంకె, పక్కన జె అనే అక్షరం పోతపోసి ఉంటాయి. బయట అలాయ్‌లు ఏడు అంగుళాలవీ దొరుకుతాయి. అటువంటి దాని మీద ఈ టైరును సాగదీసి కూర్చోబెడితే అంచు సరిగా పట్టదు, గాలి కారడానికి అదీ ఒక కారణం.

బెళ్ళందూరు వాసి:
చూశాను, 15x6.5 జె అని ఉంది. ఇంకొక విషయం, అవసరమో కాదో తెలియదు. పాత టైర్లు విప్పినప్పుడు డిస్కులు గీతలు పడి అసహ్యంగా కనిపిస్తే, వాటికి నల్లరంగు పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కాల్చే పూత) వేయించి, మూడు రోజుల తర్వాత కొత్త టైర్లు ఎక్కించాను.

లెక్కల మాస్టారు:
డిస్కులకు కోటింగా? బ్రేకు డిస్కుకు రంగు వేస్తే బండి ఆగదు! వెంటనే నడపడం మానండి.

బెళ్ళందూరు వాసి:
బ్రేకు డిస్కులు కాదండీ, చక్రాలు. ఇక్కడి టైర్ల దుకాణంలో అందరూ చక్రాన్ని డిస్క్ అనే అంటారు.

లెక్కల మాస్టారు:
దుకాణంలో ఏమన్నా, రాసేటప్పుడు చక్రం అని రాస్తే ఇంత కంగారు ఉండేది కాదు. ఆ మాటకొస్తే అలాయ్ అనే మాట కూడా సరైనది కాదు. ఉక్కు కూడా మిశ్రలోహమే కదా. అల్యూమినియం చక్రం అంటే స్పష్టంగా ఉంటుంది.

టైర్ల పరిశీలకుడు:
అలాయ్ అంటే అందరికీ అర్థమవుతోంది, మాస్టారూ. ఆయన శనివారం ప్రయాణం చేయాలి.

జేసీ రోడ్డు అనుభవజ్ఞుడు:
కోటింగ్ సంగతి మొదటి రోజే చెప్పవలసింది. మీ రెండు బాధలకూ మూలం అదే అయి ఉంటుంది.

మీ కారు హబ్ (చక్రాన్ని బిగించే భాగం) మధ్య గుండ్రని భాగం 54.1 మిల్లీమీటర్లు. బయట అమ్మే అలాయ్‌లను పలు రకాల కార్లకు సరిపోయేలా మధ్య రంధ్రం పెద్దదిగా, తరచుగా 73.1 ఉండేలా చేస్తారు. ఆ ఖాళీని పూరించడానికి ప్లాస్టిక్ రింగు ఒకటి పెడతారు. పౌడర్ కోటింగ్ చేసిన చక్రాన్ని దాదాపు 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు కాబట్టి, ముందుగా ఆ రింగులు ఊడదీస్తారు. తిరిగి పెట్టారో లేదో మీరు చూశారా? బాలెన్సింగ్ యంత్రం మధ్య రంధ్రాన్ని శంకువుతో సరిగ్గా నడిమికి పట్టుకుని తిప్పుతుంది కనుక అక్కడ అంతా సున్నా చూపిస్తుంది. అదే చక్రం మీ హబ్ మీద ఒక వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటే రోడ్డు మీద వణుకు తప్పదు. మీరు మూడుసార్లు చేయించినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. వణుకు సీటులో కాక స్టీరింగులో తెలుస్తోంది కాబట్టి ముందు చక్రాలతో మొదలుపెట్టండి.

గాలి విషయం. టైరు అంచు ఆనే చోట కోటింగ్ మందంగానో బొబ్బలుగానో ఉంటే అక్కడ గాలి కారుతుంది. టైరు మీద సబ్బు నీళ్ళు పోస్తే అది కనపడదు, చక్రమూ టైరూ కలిసే చోట చుట్టూ, వాల్వు మొదట్లో పోయించండి. బుడగ వస్తే టైరు దించి ఆ అంచును నున్నగా రుద్దించి, వాల్వు కొత్తది వేయించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, హబ్‌కు ఆనే ముఖం మీద, నట్లు కూర్చునే గుంటల్లో కోటింగ్ ఉండకూడదు. బిగించిన తర్వాత ఆ పొర నలిగి నట్టు వదులవుతుంది. అది గీయించకుండా చిత్తూరు బయలుదేరవద్దు.

లెక్కల మాస్టారు:
ఒక సందేహం. స్విఫ్ట్ నట్లు శంకువు ఆకారంలో ఉంటాయి, చక్రాన్ని నడిమికి తెచ్చేది అవే కదా? రింగు లేకపోయినా చక్రం నట్ల ఆధారంగా నడిమికి రావాలి.

జేసీ రోడ్డు అనుభవజ్ఞుడు:
చక్రాన్ని నేల మీద నుంచి లేపి, ఎదురెదురు నట్లను వరుసగా చేత్తో బిగిస్తే వస్తుంది. ఇక్కడ చాలా చోట్ల గాలి గన్‌తో ఒక నట్టును పూర్తిగా బిగించాకే రెండోదానికి పోతారు. గుంటలో కోటింగ్ కూడా ఉంటే ఇక రాదు.

లెక్కల మాస్టారు:
అయితే లోపం బిగించే పద్ధతిలో ఉంది, రింగు లేకపోవడంలో కాదు. రెండింటినీ కలిపి చెప్పకూడదు.

జేసీ రోడ్డు అనుభవజ్ఞుడు:
రెండూ ఉన్నాయంటున్నాను. రింగు ఉంటే పద్ధతి తప్పినా చక్రం పక్కకు పోదు.

హోసూరు రోడ్డు ప్రయాణికుడు:
అంచు రుద్దించాక నైట్రోజన్ నింపించుకోండి, నా మాట గుర్తుంచుకోండి.

బెళ్ళందూరు వాసి:
ముందు చక్రాలు రెండూ విప్పించాను. రింగులు లేవు. కోటింగ్ వేసినవాళ్ళను అడిగితే ఒక కవరులో పెట్టి ఇచ్చామన్నారు, అది నాకు అందలేదు. జేసీ రోడ్డులో 73.1 నుంచి 54.1కి సరిపోయేవి నాలుగు దొరికాయి. హబ్ ముఖం గీయించి, చేత్తో బిగింపించాను. ఎలక్ట్రానిక్ సిటీ ఎత్తైన రోడ్డు మీద 80 వరకు వెళ్ళి చూశాను, వణుకు లేదు. ఎడమ చక్రం అంచులో బుడగలు కనిపించాయి, రేపు రుద్దిస్తాను. టైర్లు మార్చడం లేదు. అందరికీ ధన్యవాదాలు.

జేసీ రోడ్డు అనుభవజ్ఞుడు:
మంచిది. నట్ల గుంటల్లో కోటింగ్ తీయించారా? వంద కిలోమీటర్లు నడిచాక నాలుగు చక్రాల నట్లూ మళ్ళీ బిగింపించాలి.

టైర్ల పరిశీలకుడు:
వెనుక రెండు చక్రాలకు కూడా రింగులు వేశారా?