బ్యాంకు వేలంలో స్విఫ్ట్ కొనొచ్చా? (వైజాగ్)

గాజువాక కుర్రాడు: ఆనందపురం వైపు యార్డులో 2018 స్విఫ్ట్ డీజిల్ చూశాను. వాయిదాలు కట్టక బ్యాంకు లాక్కున్న బండి. ధర తక్కువే, కానీ స్టార్ట్ చేయనివ్వట్లేదు. అమ్మని డయాలసిస్‌కి కేజీహెచ్‌కి తిప్పాలి, దారిలో ఆగిపోకూడదు. ధైర్యం చేయనా?

మెకానిక్ బాబాయ్, ఆటోనగర్: స్టార్ట్ చేయనివ్వకపోతే ఇంజిన్ పని మొత్తం నీ నెత్తినే అనుకొని పాట పాడు తమ్ముడూ. వేలంలో 'ఉన్నది ఉన్నట్టుగా' అమ్ముతారు, తర్వాత అడగడానికుండదు. బండి వానలో, ఉప్పుగాలిలో పడి ఉంటుంది. డోర్ల అడుగు, సస్పెన్షన్ బిగించే చోట్లు టార్చి వేసి చూడు. అక్కడ తుప్పు పొరలుగా లేస్తే వదిలెయ్, పెయింటు మెరుపు చూడకు. బ్యాటరీ, టైర్లు ఎలాగూ మార్చాలి. అమ్మగారి కోసమంటున్నావు, నన్ను పిలు, యార్డుకొస్తాను.

సీతమ్మధార సుజాత: కాగితాలు ముందు చూడండి అన్నయ్యా. రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో నంబరు కొడితే బ్లాక్‌లిస్టు, ఇన్సూరెన్సు గడువు తెలుస్తాయి. చలాన్లు విడిగా చూడండి. పాత ఓనరు సంతకం పెట్టడు కాబట్టి, బ్యాంకు ఫారం 36తో ఆర్‌సీ తన పేరు మీదకి మార్చుకుని మీకు బదిలీ చేయాలి. ఆ ఖర్చెవరిదో డిపాజిట్ కట్టకముందే రాయించుకోండి.

గాజువాక కుర్రాడు: బాబాయ్, ఆదివారం ఖాళీయేనా?