ముందు చక్రాల బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు ఇంట్లో మార్చుకున్నవాళ్లున్నారా?

ఖమ్మం_చిన్నకారు: 2014 మోడల్. 70 దాటాక బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతోంది, ప్యాడ్లు కీచుమంటున్నాయి. నేనే మార్చుకుందామని ఉంది. బ్రేక్ ఆయిల్ కూడా మార్చాలా? వెనక డ్రమ్ములు విప్పి చూడాలా?

బెజవాడబండి: అన్నా, ముందు జాక్ సంగతి చూడు. బండితో ఇచ్చేది స్టెప్నీ మార్చుకోడానికే. దాన్ని నమ్మి నేను చక్రం ఊడదీసి పక్కనే కూర్చున్నాను. బండి ఒరిగి హబ్ (చక్రం బిగించే భాగం) నేలకి కొట్టుకుంది. చెయ్యి అప్పుడే బయటికి తీశాను. బండి కింద ఆనించే స్టాండ్లు లేకుండా మొదలుపెట్టొద్దు.

మిచిగాన్_మనోడు: ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. తుప్పుపట్టి డిస్కు హబ్‌కి అతుక్కుపోయింది, గంటసేపు సుత్తితో కొట్టినా కదల్లేదు. తీరా చూస్తే డిస్కుకే మరలున్న రెండు రంధ్రాలు! వాటిలో 8 మి.మీ. బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెం బిగిస్తే ఠక్కున ఊడొచ్చింది. హబ్‌ని వైర్‌బ్రష్‌తో గీకాకే కొత్తది ఎక్కించండి, లేకపోతే మళ్లీ వణుకే.

లేత్_20ఏళ్లు: కొత్త డిస్కులెందుకండీ డబ్బు దండగ? లేత్ మీద ఒక కట్ తీయించి, పై పొర చెక్కి సమం చేయిస్తే చాలు. వందల బండ్లకి చేశాను, ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఘాట్_టాక్సీ: పల్చబడ్డ డిస్కు వేడికి ఆగదు మాస్టారూ. లేత్ పట్టించిన డిస్కులతోనే శ్రీశైలం ఘాట్ దిగుతుంటే నాకు పెడల్ మెత్తబడిపోయింది. వెనక సీట్లో మా అమ్మ, పిల్లలు. సెకండ్ గేర్‌కి లాగి, హ్యాండ్‌బ్రేక్ మెల్లగా ఎత్తుతూ ఆపాను.

లేత్_20ఏళ్లు: ఘాట్ అంతా బ్రేక్ మీద కాలేసి దిగి, నెపం లేత్ మీద వేస్తారా? డిస్కు మీద కనీస మందం అచ్చేసి ఉంటుంది. అంతకు తగ్గేలా ఉంటే నేను పని పట్టను.

ఘాట్_టాక్సీ: గేర్ల సంగతి నాకు నేర్పక్కర్లేదు, 12 ఏళ్లు టాక్సీ తోలాను. మీరు కొలుస్తారు, నాకు చేసినవాడు కొలవలేదు. ప్రాణం పోయేది నాది!

నెల్లూరువాసి: గొడవ తర్వాత పడండి. క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిస్టన్ లోపలికి నొక్కేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బా మీద ఒక కన్నుంచండి. నాది పొంగి బండి మీద పడింది, పొద్దున్నకి పెయింటు లేచిపోయింది. క్యాలిపర్‌ని గొట్టం మీద వేలాడనివ్వకండి, తీగతో కట్టండి. క్యాలిపర్ జారే పిన్నులకి సిలికాన్ గ్రీజే పెట్టండి. మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుంది, నాకు ఒక పక్క ప్యాడ్ రేకు దాకా అరిగిపోయింది.

ఖమ్మం_చిన్నకారు: ఆదివారం చేశాను. డిస్కు మీద అచ్చులో కనీస మందం 15 మి.మీ. అని ఉంది, కొలిస్తే 14.6. కొత్తవే వేశాను. అన్నీ బిగించి బ్రేక్ తొక్కితే పెడల్ నేలదాకా పోయింది, గుండె జారిపోయింది! ఐదారుసార్లు తొక్కాక గట్టిపడింది, ఆ తర్వాతే బండి కదిలించాను. వణుకు పూర్తిగా పోయింది. డ్రమ్ముల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

లేత్_20ఏళ్లు: 14.6కి నేనైనా కట్ తీయను, మంచి పని చేశారు. డ్రమ్ములు విప్పితే లోపలి పొడి గాలితో ఊదకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడవండి.