అప్‌డేట్: పాపకు వచ్చింది మలేరియానే

మూడు వారాల పాపకు జ్వరం వదలట్లేదు, ఒళ్లు పాలిపోతోందని మొన్న అడిగాను కదా. రక్తపరీక్షలో వైవాక్స్ అనే రకం మలేరియా తేలింది, నాకు కూడా! తొమ్మిదో నెలలో చింతూరులో పుట్టింట్లో ఉండగా నాకు చలిజ్వరం వచ్చింది. అదే పాపకు చేరి ఉంటుందన్నారు అమలాపురం డాక్టరుగారు.

ఇద్దరికీ క్లోరోక్విన్ ఇచ్చారు. చేదుకి పాప ముఖం చిట్లించి సగం కక్కేసేది, అదో టెన్షన్. కాలేయంలో దాక్కున్న మలేరియా క్రిమిని చంపే మందు ప్రైమాక్విన్ పాపకు అక్కర్లేదట: తల్లి రక్తం నుంచి వచ్చిన క్రిమి కాలేయంలో నక్కి ఉండదు, దోమకాటుతో వచ్చిన వైవాక్సే అలా దాక్కుంటుంది. పాలు మాన్పించమని అత్తయ్యగారు ఒకటే పోరు. పాల వల్ల మలేరియా రాదని డాక్టరుగారే ఆవిడకి నచ్చజెప్పారు.

జ్వరం తగ్గింది. రక్తం ఇంకా తక్కువే, మళ్లీ పరీక్షకు రమ్మన్నారు.