ఆధార్, రిపోర్టులు, పొలం కాగితాలు అన్నీ వాట్సాప్‌లోనే. ఆపాలా, అలవాటు పడాలా?

కోవూరు అన్న:

పోయిన నెలలో మా ఇంట్లో జరిగింది చెప్తాను, తర్వాత మీరే తేల్చండి.

నెల్లూరు పొగతోటలో ఒక డాక్టరమ్మ మా చెల్లెలికి థైరాయిడ్ టెస్టూ, ఇంకో రెండు హార్మోన్ టెస్టులూ రాసింది. దగ్గర్లోనే ఒక ల్యాబులో రక్తం ఇచ్చాం. బిల్లు రాసే పిల్లోడు నంబరు అడిగితే నాది చెప్పాను. "మళ్లీ రావద్దులే అన్నా, సాయంత్రం వాట్సాప్‌లో పెడతా" అన్నాడు. ట్రంకు రోడ్డులో రెండోసారి తిరగడం తప్పిందని సంతోషపడ్డాను కూడా. ఆరైంది, ఏడైంది, రిపోర్టు రాలేదు. తొమ్మిదికి మా పిన్ని ఫోన్ చేసింది. "పాపకి ఏందో బాగలేదంట, మాకు చెప్పనే లేదేందిరా" అని.

జరిగిందేందంటే, ఆ పిల్లోడు రిపోర్టులన్నీ తన సొంత ఫోన్ నుంచే పంపుతాడు. అందులో నా పేరే ఉన్న ఇంకో కోవూరు మనిషి ఉన్నాడు. మా వీధే. ఆయన చూసి ఊరుకోకుండా వాళ్లావిడకు చూపించాడు. మిగిలింది మీకు తెలుసు.

అంతటితో పోలేదు. మూడో రోజు ఒకామె ఫోన్ చేసి, "మేడమ్ గారికి హార్మోన్ల ప్రాబ్లం కదండీ, మా సెంటర్‌లో ఆఫర్ నడుస్తోంది" అని మొదలుపెట్టింది. చెల్లెలి పేరు తెలుసు, వయసు తెలుసు. ల్యాబు ఇచ్చిందా, రిపోర్టు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇచ్చారా, ఇంకెవరన్నానా, కనుక్కునే దారి లేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నాం, అదొక టెన్షన్. ల్యాబుకు పోయి అడిగితే ఓనరు "పొరపాటైంది సార్, డిలీట్ చేయించాం" అన్నాడు. ఎవరి బుర్రలోంచి డిలీట్ చేయించాడో!

నేనడిగేది ఒకటే. ఇది టెక్ కంపెనీల తప్పా, మన మనుషుల తప్పా? ఇప్పుడు సర్టిఫికెట్లు కూడా వాట్సాప్‌లోకి వచ్చేశాయి కదా, మనం ఎక్కడ ఆగాలి?

కావలి జిరాక్స్:

మనుషుల తప్పే అన్నా. పదిహేనేళ్ల నుంచి షాపు నడుపుతున్నాను, నా మాట వినండి.

ఒకప్పుడు కార్డు తెచ్చేవాళ్లు, జిరాక్స్ తీసి కార్డు చేతికిచ్చేవాణ్ణి. ఇప్పుడు నా నంబరు గోడ మీద రాసి పెట్టాను, అందరూ దానికే పంపుతారు. షాపు కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచే ఉంటుంది. ఒకరి ఆధార్ వెతుకుతుంటే పక్కన నిలబడిన ఆయనకు పదిమందివి కనపడతాయి. పెళ్లి బయోడేటాలు, డైవోర్స్ నోటీసులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అన్నీ అందులోనే. ప్రింట్ అయ్యాక తీసెయ్యమని అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది లేరు.

ఇంకోటి చెప్తే తిడతారు. చెడిపోయిన ప్రింట్లు కట్టగట్టి పాత పేపర్లాయనకి వేసేవాణ్ణి. ఒకరోజు ఎదురు బండి కాడ బజ్జీలు తింటుంటే పొట్లం కాగితం మీద ఎవరిదో పాన్ కార్డు, ఫొటోతో సహా. నా మిషన్‌ మీద పడిన ప్రింటే, గీత పడటం చూసి గుర్తుపట్టాను. ఆరోజు నుంచి చించి పారేస్తున్నాను. ఇందులో ఏ అమెరికా కంపెనీ ఉంది చెప్పండి?

ఒంగోలు ఆడపడుచు:

(మాది ఒంగోలు, ఉద్యోగం బెంగళూరులో, సాఫ్ట్‌వేర్.)

జిరాక్స్ అన్నా, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నారు కాబట్టి తప్పంతా మీ నెత్తికే చుట్టుకునేలా ఉంది. మీ షాపులో పొరపాటు జరిగితే ఒక బజ్జీల బండి దాకా పోతుంది. కంపెనీ దగ్గర జరిగితే ఎంతదూరం పోతుందో ఒక్క లెక్క చూడండి. ఒక క్విజ్ యాప్ ద్వారా ఫేస్‌బుక్ వాడేవాళ్ల వివరాలు లాగి కేంబ్రిడ్జ్ అనలిటికా అనే కంపెనీకి ఇచ్చిన గొడవ 2018లో బయటపడింది. అందులో ఫేస్‌బుక్ చెప్పిన లెక్కే ఇది: మన దేశంలో ఆ క్విజ్ యాప్ వేసుకున్నది 335 మంది. వివరాలు పోయి ఉండొచ్చని చెప్పింది మాత్రం 5.62 లక్షల మందివి. వాళ్లంతా ఏ తప్పూ చెయ్యలేదు, ఆ యాప్ వేసుకున్నవాళ్లకు, ఇక్కడివాళ్లకో విదేశాల్లోవాళ్లకో, ఫ్రెండ్స్ అయ్యారు, అంతే.

వాట్సాప్ సంగతి. మనిషికీ మనిషికీ మధ్య పోయే మెసేజ్‌కు 2016 నుంచి తాళం ఉంది, లోపల ఏముందో కంపెనీ చదవలేదు. అది నిజమే. కానీ మీరు ఎవరితో, ఏ టైములో, ఎన్నిసార్లు మాట్లాడారు అనేదానికి ఆ తాళం లేదు. రాత్రి పదకొండుకు ఒక క్యాన్సర్ డాక్టరుకు నాలుగు కాల్స్ పోతే, లోపల ఏం మాట్లాడారో వినక్కర్లేదు కదా. బిజినెస్ నంబర్లకు పంపేవైతే అవతలి సంస్థ దగ్గర తెరుచుకుంటాయి. ఆ సంస్థ కావాలంటే వాటిని దాచిపెట్టే పని వాట్సాప్ ఓనరైన మెటాకే అప్పగించొచ్చు.

2021 జనవరిలో కొత్త పాలసీ తెచ్చి "ఒప్పుకో, లేదంటే మానుకో" అన్నారు. దానికి మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు రూ. 213.14 కోట్ల జరిమానా వేసింది. అప్పీలుకు పోతే 2025 నవంబరులో ట్రైబ్యునల్ జరిమానాను ఉంచి, ప్రకటనల కోసం డేటా ఇచ్చిపుచ్చుకోవద్దన్న ఐదేళ్ల నిషేధాన్ని మాత్రం తీసేసింది. ఆ కంపెనీకి 213 కోట్లు మన ఇంట్లో కరెంటు బిల్లు లాంటిది.

ముత్తుకూరు గుంట:

అమ్మా, మీరు చదువుకున్నోళ్లు, కాదనను. మా సంగతీ వినండి. నాకు రొయ్యల గుంటలు ఉన్నాయి. పొద్దున లేస్తే కౌంట్ రేట్లు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి పలికే ధరలు, వాట్సాప్ గ్రూపులోనే వస్తాయి. గ్రూపు లేనప్పుడు దళారీ ఏ రేటు చెప్తే అదే. నీళ్లలో తేడా వస్తే ఫొటో తీసి టెక్నీషియన్‌కు పెడతా, అరగంటలో ఏం కొట్టాలో చెప్తాడు. ఆలస్యమైతే పంట తేలిపోద్ది.

2025 జనవరి 30న మన రాష్ట్ర సర్కారు వాట్సాప్ సేవ మన మిత్ర మొదలుపెట్టారు, మొదటి విడతే 161 సేవలు. మా వాడి సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ తిరగలేదు, చేతులు తడపలేదు. దాన్ని మానుకోమంటారా? ప్రైవసీ ప్రైవసీ అంటే మళ్లీ ఆఫీసు వరండాలో కూర్చోవడం మా వంతు. నా కాడ దాచేదేముంది, అప్పులు తప్ప.

చీమకుర్తి రాయి:

గుంట అన్నా, అప్పులే కదా దాచాల్సింది :)

నవ్వులాటకు కాదు. మా క్వారీలో పనిచేసే ఒకబ్బాయి లోన్ యాప్‌లో ఎనిమిది వేలు తీసుకున్నాడు. వేసుకునేటప్పుడు కాంటాక్ట్స్ అడిగింది, ఫొటోలు అడిగింది, అన్నిటికీ ఓకే కొట్టాడు. వారం తిరిగేసరికి వాళ్ల మామకు, సూపర్‌వైజర్‌కు, పెళ్లి కుదిరిన పిల్ల అన్నకు మార్ఫింగ్ ఫొటోలు పోయాయి. నాకూ వచ్చింది. నేను ఆ యాప్ ముఖం చూడలేదు, నా నంబరు వాడి ఫోన్‌లో ఉంది, అదే నా పాపం. రుణ యాప్‌లు కాంటాక్ట్స్, గ్యాలరీ ముట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులోనే చెప్పింది. ప్లే స్టోర్‌లో కూడా 2023లో ఆ నిబంధన పెట్టారు. కానీ వాడికి లింకు వచ్చింది స్టోర్ నుంచి కాదు, మెసేజ్‌లో. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పాను. పరువు పోతుందని రెండు రోజులు ఆగాడు.

కాబట్టి "నా కాడ ఏముంది" అనొద్దు. మీ ఫోన్‌లో ఉన్న నంబర్లు మీ సొత్తు కాదు.

రిటైర్డ్ మాస్టారు, టంగుటూరు:

నాయనలారా, ఒకరు కంపెనీ అంటున్నారు, ఒకరు మనుషులు అంటున్నారు. మధ్యలో మూడోవాడు తప్పించుకుంటున్నాడు, సర్కారు.

2018లో పెద్దపల్లిలో ఏం జరిగిందో గుర్తుందా? ఒక సిమ్‌కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోంచి దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీద అమ్మినవాళ్లవి, కొన్నవాళ్లవి వేలిముద్రలు శుభ్రంగా ఉంటాయి. రబ్బరు ముద్రలు చేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. దొంగతనం చేసింది వాడే, ఒప్పుకుంటాను. కానీ వేలిముద్రను ఆధార్ నంబరుతో పాటు నెట్‌లో ఆరేసిందెవరు? పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, బొటనవేలిని ఏం చేసి మార్చుకుంటాం? మా ఊళ్లో పింఛన్ల వాళ్లు వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతిలో ఓటీపీ లేదు. బ్యాంకు పేరు, ఆధార్, వేలు, అంతే. అందుకే ఆధార్‌లో వేలిముద్రలకు తాళం, అదే బయోమెట్రిక్ లాక్, వేసుకోమని కనపడిన ప్రతి ముసలాయనకూ చెప్తున్నాను. చాలామంది "అది వేస్తే రేషను ఆగుతుందేమో" అని భయపడుతున్నారు. అవసరమైనప్పుడు తెరుచుకోవచ్చని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది.

2022 మే నెలలో ఇంకో వింత. ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు నుంచి ఒక ప్రకటన వచ్చింది: జిరాక్సులు ఎవరికి పడితే వారికి ఇవ్వొద్దు, చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని. మంచి మాట. రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు, తప్పుగా అర్థం చేసుకుంటారని. అప్పుడు జనం తప్పుగా అర్థం చేసుకోలేదు, సరిగ్గానే భయపడ్డారు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు. ఆ తర్వాత డేటా రక్షణ చట్టం రావడానికి ఆరేళ్లు, 2023 ఆగస్టు. దాని నియమాలకు ఇంకో రెండేళ్లు, 2025 నవంబరు. అందులోనూ ముఖ్యమైనవి అమలు కావడానికి మరో 18 నెలల గడువు. ఈలోగా మా మనవడు పెద్దోడైపోయాడు.

కావలి జిరాక్స్:

మాస్టారూ, ఆ చట్టం మా షాపుకు వర్తిస్తుందా? భయంగా ఉంది.

ఒంగోలు ఆడపడుచు:

అన్నా, అది డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికే. మీ బజ్జీ పొట్లం దాని కిందకు రాదు, మీ కంప్యూటర్‌లో ఫైళ్లు వస్తాయి. మాస్టారు చెప్పిన గడువు తీరాక, భద్రత సరిగా పెట్టకపోతే జరిమానా రూ. 250 కోట్ల దాకా వెయ్యొచ్చు. మీకంత వేయరులెండి.

నాకు కోపం తెప్పించేది అది కాదు. ఆ జరిమానా ఖజానాకు పోతుంది. నష్టపోయిన మనిషికి పరిహారం అడిగే వీలు పాత ఐటీ చట్టంలోని 43ఎ సెక్షన్ ఇచ్చింది. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి వస్తే అది పోతుంది. పైగా ఉత్తుత్తి ఫిర్యాదు చేశారని తేలితే మనకే పదివేల దాకా ఫైను. సంక్షేమ పథకాల పేరుతో అయితే సర్కారు మన అనుమతి అడగకుండానే వాడుకునే వీలుంది. మాస్టారు చెప్పిన మూడోవాడికి ఇచ్చిన వెసులుబాట్లు చూడండి.

ముత్తుకూరు గుంట:

సరే, కోర్టులు, చట్టాలు మీరు చూసుకోండి. రేపు పొద్దున నాకు సర్టిఫికెట్ కావాలంటే ఏం చెయ్యాలి, వాట్సాప్ తెరవాలా వద్దా? దానికి ఒక్కరూ జవాబు చెప్పలేదు.

రిటైర్డ్ మాస్టారు, టంగుటూరు:

తెరువు నాయనా. నేనూ తెరుస్తాను. పని అయ్యాక ఆ కాగితం గ్రూపులో "వచ్చింది చూడండి" అని పెట్టకు, అంతే. పోయిన వారం మా ఊరి గ్రూపులో ఒకాయన పొగాకు డబ్బు పడిందన్న సంతోషంలో బ్యాంకు మెసేజ్ స్క్రీన్‌షాట్ పెట్టాడు. సాయంత్రానికి ముగ్గురు చేబదులు అడిగారు.

ఒంగోలు ఆడపడుచు:

కోవూరు అన్నా, ఒక్క మాట. కోప్పడకండి. ల్యాబ్ పిల్లోణ్ణి, కంపెనీనీ తిడుతున్నాం కదా. మీ చెల్లెలికి ఏ టెస్టులు రాశారో, ఊరేంటో, సంబంధాలు చూస్తున్న సంగతీ మీరే ఇక్కడ రాశారు. పేరు లేకపోయినా మీ వీధిలో వాళ్లకు అది ఎవరో తెలియదా? పోస్టు పెట్టేముందు ఆ అమ్మాయిని అడిగారా?

కావలి జిరాక్స్:

అమ్మో. నేనూ గమనించలా.

కోవూరు అన్న:

మీ మాట చదివి గంటసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. అడగలేదు. ఆ రిపోర్టు కోసం నా నంబరు ఇచ్చేటప్పుడు కూడా అడగలేదు. తనకు సొంత ఫోన్ ఉంది, ఇరవై నాలుగేళ్ల పిల్ల, అయినా నోటికి నా నంబరే వచ్చింది. అన్నయ్యను కదా అనుకున్నాను.

పోస్టు తీసేద్దామని తనకు మొత్తం చూపించాను. మీ కామెంట్లన్నీ చదివింది. ఆ అక్కకు థాంక్స్ చెప్పమంది. పోస్టు మాత్రం తీసెయ్యొద్దంది. "తీసేసి లాభమేంది? వీధిలో నాకు ఇప్పటికే గర్భసంచి తీసేయాలంట, ఇంకా ఏందేందో పెట్టారు. అది ఉత్త థైరాయిడే అని ఎక్కడో ఒకచోట రాసుండనీ" అంది.

ఈసారి టెస్టుకు తనే పోతుందంట. నన్ను బండి దింపేంతవరకే రమ్మంది.

ముత్తుకూరు గుంట:

మంచిది. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోమని చెప్పు తమ్ముడూ, మా ఇంటామె కూడా వాడతా ఉంది... అరెరె, నేనూ రాసేశానే.