కాలేజీ ఐస్ హాకీ కోచ్ అవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నమస్కారమండీ. మేం మినెసోటాలో ఉంటాం. మా అబ్బాయి కాలేజీ రెండో సంవత్సరం. ఆరేళ్ల వయసు నుంచీ వాడికి ఐస్ హాకీయే లోకం. పోయిన చలికాలం మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇక ఆడొద్దన్నారు డాక్టర్లు. స్కేట్లు గరాజ్‌లో మూలన పెట్టేశాడు. కానీ రాత్రిళ్లు పాత మ్యాచ్‌ల వీడియోలు ఆపి ఆపి చూస్తూ, నోట్‌బుక్‌లో రింక్ బొమ్మ గీసి, ఎవరు ఎటు కదలాలో బాణాలు వేస్తుంటాడు. కాలేజీ జట్టుకి కోచ్ అవుతానంటున్నాడు.

డెన్వర్ యూనివర్సిటీ కోచ్ డేవిడ్ కార్ల్ గురించి వాడే చెప్పాడు. 2008లో గుండె సమస్య బయటపడి ఆయన ఆట ఆగిపోయింది. అయినా అక్కడే స్టూడెంట్ అసిస్టెంట్‌గా (చదువుకుంటూనే కోచ్‌లకి సాయం చేసే విద్యార్థిగా) చేరారు. తర్వాత గ్రీన్ బేలో జూనియర్ జట్టుకి (కాలేజీకి ముందు కుర్రాళ్లు ఆడే స్థాయి) అసిస్టెంట్ కోచ్‌గా చేసి, మళ్లీ డెన్వర్‌కే వచ్చి 2018లో హెడ్ కోచ్ అయ్యారు. 2022, 2024లో జట్టు జాతీయ చాంపియన్. ఇది విన్నాక నాకూ ధైర్యం వచ్చింది.

మా చుట్టాల్లో అందరూ సాఫ్ట్‌వేరే, ఈ దారి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. స్టూడెంట్ అసిస్టెంట్ అవకాశం కోసం నేరుగా హెడ్ కోచ్‌నే అడగొచ్చా? ముందు పిల్లల జట్లకి నేర్పిస్తూ యూఎస్ఏ హాకీ (అమెరికాలో ఈ ఆటని నడిపే సంస్థ) కోచింగ్ సర్టిఫికెట్లు తెచ్చుకోవాలా? డిగ్రీ అయ్యాక జూనియర్ లీగ్ మేలా, డివిజన్ త్రీ (కాలేజీ ఆటల్లో కింది స్థాయి) కాలేజీ మేలా? మొదటి నాలుగైదేళ్లు జీతంతో ఇల్లు గడుస్తుందా? అసలు టెన్షన్ అదే. ఈ రంగంలో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.